క్రికెట్ చేతులకు సాఫ్ట్‌బాల్ స్వింగ్

హన్మకొండ గ్రౌండ్లలో సాఫ్ట్‌బాల్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది చేతుల్లో ముందే క్రికెట్ ఉంటుంది. టప్పా పడ్డ బంతికి బ్యాట్ నిలువుగా దించడం అలవాటు. ఇక్కడ టప్పానే లేదు. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి నేరుగా గాలిలో వస్తుంది.

ముందు బ్యాట్ చూడండి. ఒక్క చేత్తో పక్కకు చాపి పట్టుకుంటే 20 సెకన్లకే చేయి వణికిందా? ఆ బ్యాట్ బరువెక్కువ, మార్చండి. పట్టు అరచేతుల్లో కాదు, వేళ్లలో ఉండాలి. రెండు చేతుల నడిమి కణుపులు దాదాపు ఒకే వరుసలోకి రావాలి.

అసలు పని నడుముది. ముందు కాలు నాలుగైదు అంగుళాలే వేయాలి, మడమ నేలకు ఆనాక నడుము తిరగాలి, చేతులు దాని వెనకే రావాలి. వెనక మడమ లేవకపోతే నడుము తిరగలేదన్నట్టే. ముందు పాదం వేళ్లు పూర్తిగా ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలక) వైపే ఉంటే నడుము మధ్యలోనే ఆగిపోతుంది. కొంచెం పిచర్ (బంతి విసిరే ఆటగాడు) వైపు తెరవాలి.

ఎక్కువగా కనిపించే తప్పు, చేతుల్ని ఒంటికి దూరంగా విసరడం. బ్యాట్ పెద్ద చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తుంది, లోపలి బంతి (ఒంటికి దగ్గరగా వచ్చేది) పిడి దగ్గర తగులుతుంది. అరిచి చెప్తే ఇది పోదు. బ్యాట్ ఒక కొస బొడ్డుకు, ఇంకో కొస నెట్‌కు ఆనేంత దూరంలో నిలబెట్టి, నెట్ తగలకుండా ఊపమనండి. పదేసి చొప్పున మూడుసార్లు చాలు.

తర్వాత టీ, అంటే బంతిని నిలిపి ఉంచే స్టాండ్. నడుమెత్తులో, మధ్య బంతికైతే ముందు పాదానికి కాస్త ముందు పెట్టాలి. లోపలి బంతికి ఇంకా ముందుకు, బయటి బంతికి వెనక్కి జరపాలి. బంతి పదేపదే పైకి లేస్తుంటే వెనక భుజం జారుతున్నట్టు.