కార్డు రాష్ట్రానిది, వీసా ఫెడరల్‌ది

పెన్సిల్వేనియాలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నన్ను మనవాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ గంజాయి మందుగా ఇస్తారట కదండీ, మనం తీసుకోవచ్చా?" మన్యం నుంచి వస్తూ పట్టుబడ్డ సరుకుగానే దాన్ని విన్నాం కాబట్టి ఆ మొహమాటం సహజం. సరదాకి అడిగేవాళ్లు కాదు. ఇంట్లో ఎవరికో కీమో నడుస్తుంటుంది, లేదా నొప్పితో నిద్రే ఉండదు.

ఇక్కడ 2016లో చట్టం వచ్చింది, 2018లో అమ్మకాలు మొదలయ్యాయి. చట్టంలో ఉన్న జబ్బేదైనా ఉందని డాక్టరు ధ్రువీకరిస్తే రాష్ట్రం కార్డు ఇస్తుంది. దాంతో డిస్పెన్సరీకి, అంటే గంజాయి అమ్మడానికి రాష్ట్రం అనుమతించిన దుకాణానికి, వెళ్లి కొనుక్కోవాలి, మా ఫార్మసీలో దొరకదు. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని హెరాయిన్ పక్కన, మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో పెట్టింది మరి.

వీసాలు చూసేది ఆ ఫెడరల్ ప్రభుత్వమే. కేసు, శిక్ష ఏమీ లేకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, దేశంలోకి రానివ్వకపోవచ్చు. రాష్ట్ర చట్టం ప్రకారమే వాడినా పౌరసత్వానికి అడ్డు రావచ్చని 2019లో ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. గంజాయిని అంత కఠినం కాని మూడో షెడ్యూలుకు మార్చాలని 2024లో ప్రతిపాదన వచ్చింది కానీ, అప్పుడూ అది నియంత్రిత పదార్థమే కాబట్టి మన టెన్షన్ తీరదు. డిస్పెన్సరీల్లో ఫార్మసిస్టు ఉద్యోగాలున్నా, గ్రీన్‌కార్డు మీదున్న నేను అటు చూడను.

ఆ మధ్య ఒకతను వచ్చాడు. భార్యకు కీమో, ఏం తిన్నా వాంతులే. "కార్డుకి అప్లై చేద్దామనుకుంటున్నాం అన్నా. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ కూడా వెళ్లాలి" అన్నాడు. ఆగమన్నాను. డ్రొనాబినాల్ గురించి క్యాన్సర్ డాక్టరును అడగమన్నాను. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీనే ల్యాబ్‌లో తయారుచేసిన మందు అది. మామూలు మందులకు లొంగని కీమో వాంతులకు 1985లోనే అనుమతి వచ్చింది. డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాస్తాడు, మేం ఇస్తాం. వారం తిరక్కుండా ఆ చీటీతో వచ్చాడు. చిన్న మెత్తటి క్యాప్సూల్స్ అవి. ఎండ తగలనివ్వొద్దని, ఆమె వాటి మత్తులో కారు నడపకూడదని, డ్రగ్ టెస్టులో పాజిటివ్ వస్తుంది గనక ప్రిస్క్రిప్షన్ కాపీ దాచుకోమని చెప్పి పంపాను.

అదే మొక్క నుంచి తీసిన, మత్తెక్కించని సీబీడీ అనే పదార్థంతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మందు కూడా ఉంది. అరుదైన, మొండి ఫిట్స్ ఉన్న పిల్లలకు 2018లో ఆమోదించారు. స్ట్రాబెర్రీ వాసన వేసే నూనె. పిల్లల బరువును బట్టి సిరంజితో కొలిచి నోట్లో పోస్తారు. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష తప్పనిసరి. మందంటే ఇలా ఉండాలి: ఎంత, ఎవరికి, ఏ మందుతో పడదు అన్నీ తెలియాలి. మిగతా గంజాయి మందులనూ ఇలా పరీక్షించి మా అల్మరాలోకి తేవాలి. నొప్పితో బాధపడే పౌరుడికి కార్డు ఇచ్చి, అదే వీధిలో ఉంటూ అవే పన్నులు కట్టే వీసాదారుణ్ని భయపెట్టడం అన్యాయం.

అంతవరకూ, కార్డుకు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. దుకాణంలో కొన్న సీబీడీ నూనె వాడుతుంటే మీ ఫార్మసిస్టుకు దాచకుండా చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు దానివల్ల రక్తం మరీ పలచబడొచ్చు.