జి ముఖం మీది ఐదు మైక్రాన్లు

పరీక్ష పెట్టె మీద సీఈడీ పెయింట్ (తొట్టిలో కరెంటుతో లోహానికి పట్టించే రంగు) పొర మందాన్ని నిన్న సాయంత్రం ‘ఏ’ (A) ముఖం మీద మాత్రమే కొలిచాను. సిమ్యులేషన్ 20 మైక్రాన్లు చెప్పింది, గేజ్ 19.5 చూపింది. మోడల్ సరిపోయిందని నోటుపుస్తకంలో రాసుకుని ఇంటికి వెళ్లాను. ఈ ఉదయం మిగిలిన ముఖాలను కొలిస్తే జి ముఖం మీద లెక్క ప్రకారం 9 ఉండవలసిన చోట 5 మాత్రమే ఉంది. ముందుగా ఆ వాక్యాన్ని కొట్టివేశాను.

సీఈడీ పెయింట్ లోపలి మూలలకు ఎంతవరకు చేరుతుందో తేల్చడానికి మేము నాలుగు పలకల పెట్టెను వాడతాము. పలకలను 20 మిల్లీమీటర్ల ఎడంతో వరుసగా నిలబెట్టి, మొదటి మూడింటికీ 8 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి, పక్కలూ అడుగూ మూసి తొట్టిలో ముంచుతాము. ఆనోడ్ (ధన ధ్రువం) వైపున్నది ‘ఏ’ ముఖం. మూడు రంధ్రాలు దాటి కరెంటు చేరవలసింది నాలుగో పలక మీది జి ముఖానికి. ‘ఏ’ ముఖం సరిపోవడంలో నా గొప్ప ఏమీ లేదు, ఎందుకంటే పొర నిరోధాన్నీ, ఒక్కో కూలుంబు విద్యుదావేశానికి పేరుకునే పెయింటునూ నేను మోడల్‌కు ఇచ్చిందే ‘ఏ’ ముఖం కొలతల నుంచి. ఇచ్చిందే తిరిగి వచ్చింది. మైపాడులో మా మేనత్త ఇంటి గేటును ఉప్పుగాలి తినేసినప్పుడు తుప్పు గొట్టాల లోపలే మొదలైంది, పైన రంగు చాలాకాలం బాగానే ఉంది. కారు తలుపును కాపాడేది కూడా జి ముఖం లాంటి చోట చేరిన పొరే.

కావలి నుంచి రోజూ రైల్లో వచ్చే మా టెక్నీషియన్ అన్న నా గ్రాఫును కాసేపు చూసి, "కరెంటు రాంగానే పెయింటు అంటుకుంటదని రాశారా సార్? తొట్టిలో అట్టా జరగదే" అన్నాడు. నిజమే. కాథోడ్ (రుణ ధ్రువం) అయిన పలక దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలుగా పోతుంది, హైడ్రాక్సైడ్ మిగులుతుంది. ఆమ్లం పట్టించి నీటిలో నిలిపిన పెయింటు రెసిన్, ఆ చోట క్షారత తగినంత పెరిగితే తప్ప లోహాన్ని పట్టుకోదు. కరెంటు మరీ తక్కువైతే హైడ్రాక్సైడ్ పుట్టినంతా తొట్టిలోకి విసరణ చెంది చెదిరిపోతుంది. నా మోడల్ మాత్రం మొదటి కూలుంబు నుంచే పొర వేస్తోంది, కాబట్టి కరెంటు తక్కువగా చేరే లోపలి ముఖాల మీదే ఎక్కువ తప్పింది.

మధ్యాహ్నం రెక్టిఫయర్‌ను (తొట్టికి డీసీ కరెంటు ఇచ్చే పరికరం) స్థిర కరెంటులో పెట్టి విడి ప్యానెళ్లు ముంచాము. మే నెల ఎండకు గది ఉడికిపోతున్నా, తొట్టి 30 డిగ్రీలకు దిగేదాకా అన్న స్విచ్ మీద చెయ్యి వేయలేదు. అన్నిటికన్నా తక్కువ కరెంటులో రెండు నిమిషాలు గడిచినా వోల్టేజీ అంకె కదలలేదు. ప్యానెల్‌ను తీసి కడిగితే, పెయింటుకు ముందు పట్టించే ఫాస్ఫేట్ పూత బూడిదరంగు ఎలా ఉన్నది అలాగే ఉంది. తర్వాతి దానికి అంకె కొంతసేపు నిలిచి, ఒక్కసారిగా ఎక్కడం మొదలుపెట్టింది. పొర పుట్టి కరెంటును అడ్డుకోవడం మొదలుపెట్టిన క్షణం అదే. కరెంటు రెట్టింపు చేస్తే ఆ నిలకడ దాదాపు నాలుగో వంతుకు తగ్గింది. విసరణ నియమం చెప్పేది కూడా ఇదే కనుక, ఆ అంకెల మీద నాకు నమ్మకం కుదిరింది.

ఈ ప్యానెళ్ల నుంచి వచ్చిన కనీస కరెంటునూ, ఆలస్యాన్నీ మోడల్‌లో చేర్చి, మరే విలువనూ ముట్టుకోకుండా పెట్టెను మళ్లీ లెక్కించాను. ‘ఏ’ ముఖం అంకె కదలలేదు, జి ముఖం 6కు దిగింది. కనీస కరెంటును కాస్త పెంచితే సరిగ్గా 5 వచ్చేది. పెంచలేదు, ఎందుకంటే పెంచిన మరుక్షణం పెట్టె పరీక్ష కూడా నేను మోడల్‌కు నేర్పిన పాఠం అయిపోతుంది, పరీక్షించడానికి ఇంకేమీ మిగలదు. ఆ ఒక్క మైక్రాన్‌కు కారణం రంధ్రాల దగ్గర చిక్కుకున్న హైడ్రోజన్ కావచ్చునని నా అనుమానం.

రేపు ఇదే పెట్టెను 250కి బదులు 200 వోల్టుల వద్ద ముంచుతాము. ఎనిమిది ముఖాలకూ నా లెక్కలను ఇప్పుడే రాసి, కింద అన్న చేత తేదీతో సంతకం పెట్టించి, నోటుపుస్తకాన్ని ఆయన బీరువాలోనే ఉంచి వచ్చాను.