క్యాంపస్ కరెంటు బిల్లు: ముందు ఆదివారం రాత్రి రీడింగ్ చూడండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల క్యాంపస్‌లకు కొదవ లేదు. కరెంటు పొదుపు అనగానే స్విచ్చుల పక్కన "లైట్లు ఆర్పండి" అని స్టిక్కర్లు అంటిస్తారు. తప్పు కాదు గానీ, అసలు వృథా మనిషి లేని గదుల్లో, ఎవరూ చూడని వేళలో జరుగుతుంది. ఆదివారం రాత్రి 11కు ఒకసారి, సోమవారం తెల్లవారుజామున 5కు ఒకసారి హెచ్‌టీ మీటరు (క్యాంపస్ మొత్తానికి వచ్చే హై టెన్షన్ కనెక్షన్ మీటరు) రీడింగ్ రాసుకుంటే అది దొరుకుతుంది.

తేడానే యూనిట్లు అనుకోకండి. మీటరు కరెంటునూ వోల్టేజినీ తగ్గించి అందించే సీటీ, పీటీ ట్రాన్స్‌ఫార్మర్ల మీద నడుస్తుంది కాబట్టి ఎంఎఫ్ (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్)తో గుణించాలి. తేడా 0.36, ఎంఎఫ్ 1000 అయితే 360 యూనిట్లు. 6 గంటలకు పంచితే సగటున 60 కిలోవాట్లు. హాస్టల్ ఫ్యాన్లు, వీధి లైట్లు, సర్వర్ గది కలిపి లెక్కేస్తే 35 వచ్చిందనుకోండి. మిగతా 25 ఎవరి ఖాతాలోదో తేలాలి.

అందుకు ఎలక్ట్రీషియన్‌తో ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్, అంటే బ్లాకులకు కరెంటు పంచే బోర్డు తీయించి, ఒక్కో బ్లాకుకు వెళ్లే ఫీడర్‌ను క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టి ఆంప్స్ కొలిచేది) చూడాలి. మొత్తం కేబుల్ చుట్టూ క్లాంప్ పెడితే సున్నాకు దగ్గరగా చూపిస్తుంది, మూడు ఫేజుల కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది గనుక. ఒక్కో ఫేజు తీగను విడిగా పట్టాలి. 415 వోల్టుల దగ్గర ఫేజుకు 10 ఆంప్స్, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.9 ఉంటే సుమారు ఆరున్నర కిలోవాట్లు. తాళం వేసిన బ్లాకు అంత లాగుతోందంటే లోపల ల్యాబ్ కంప్యూటర్లు గానీ, వాటర్ కూలర్లు గానీ, బాత్రూమ్ ఎగ్జాస్టులు గానీ నడుస్తున్నట్టే.

ఎక్కువమంది వదిలేసేది నీళ్ల మోటారు. ట్యాంకు పొంగితే కనీసం కంటికి కనిపిస్తుంది. నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) కారితే ఎక్కించిన నీళ్లు చప్పుడు లేకుండా సంపులోకి దిగిపోతాయి. రాత్రి ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు కట్టేసి, మట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున్నకు మట్టం తగ్గితే నాన్ రిటర్న్ వాల్వు గానీ ట్యాంకు గానీ కారుతున్నట్టు. 5 హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు నాలుగున్నర యూనిట్లు తింటుంది.

పగటి లోడులో ఫ్యాన్లు ముందు చూడాలి. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 లోపు. 300 ఫ్యాన్లు రోజుకు 8 గంటలు తిరిగితే తేడా 108 యూనిట్లు. బీఎల్‌డీసీ పెట్టాక పాత రెగ్యులేటర్‌ను లైన్లోంచి తీసేయాలి, లేకపోతే డ్రైవర్ బోర్డు దెబ్బతింటుంది. ఏసీ 24 మీద పెట్టాలని అందరికీ తెలుసు. కానీ రోహిణి కార్తెలో తలుపు కింద రెండు వేళ్ల సందుంటే గది 24కు రాదు, కంప్రెసర్ ఆగదు. ముందు ఆ సందు మూయండి.

ఇక బిల్లులోనే దాగిన ఖర్చు. మన రాష్ట్రంలో హెచ్‌టీ వాడకాన్ని కేవీఏహెచ్‌లో, అంటే పవర్ ఫ్యాక్టర్ తగ్గినకొద్దీ పెరిగే లెక్కలో చూస్తారు. పవర్ ఫ్యాక్టర్ 0.85 ఉంటే 100 యూనిట్లు వాడి దాదాపు 118కి కడతారు, 0.98 ఉంటే 102కి. కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్ సరిచేసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ దీపాలు వెలుగుతున్నాయని సంతోషపడకండి, కెపాసిటర్లు చచ్చినా దీపాలు వెలుగుతాయి. ఒక్కోదాని ఆంప్స్ చూడాలి.

కాంట్రాక్ట్ డిమాండ్ (విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 500 కేవీఏ ఉండి, నెలలో గరిష్ఠ లోడు 320 దాటకపోయినా, అందులో కనీసం 80 శాతం కింద 400కి కట్టాల్సిందే. తగ్గించమని దరఖాస్తు పెట్టే ముందు 12 నెలల బిల్లులూ పక్కపక్కన పెట్టుకోండి. చలికాలం బిల్లు ఒక్కటే చూసి తగ్గిస్తే, ఎండాకాలంలో ఏసీలన్నీ ఒకేసారి లేచిన రోజున డిమాండ్ మించి జరిమానా పడుతుంది.