పలాస తేనెలో పుప్పొడి లెక్క: ఎనిమిది నెలల పని చిట్టా

నేను పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో లెక్కలు రాసే ఉద్యోగిని. చాలా ఏళ్ల కిందట బీఎస్సీలో వృక్షశాస్త్రం చదివాను కానీ, ఆ చదువు ఇన్నాళ్లూ పెళ్లి సంబంధాల దగ్గర చెప్పుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాలేదు. మార్చి నెలలో మా వైపు రోడ్ల పక్కన సీసాలు పెట్టి అమ్మే తేనెను అందరూ ‘జీడితోట తేనె’ అంటారు. అందులో జీడిపూల వాటా నిజంగా ఎంత అన్న ప్రశ్న కిందటి ఏడు పట్టుకుని వదల్లేదు. తేనెటీగ మకరందంతో పాటు ఆ పువ్వు పుప్పొడిని కూడా కొంత మోసుకొస్తుంది కనుక, తేనెను నీటిలో కరిగించి, అడుగున దిగిన రేణువులను సూక్ష్మదర్శిని కింద గుర్తించి లెక్కపెడితే ఆ ప్రశ్నకు అంకెల్లో జవాబు వస్తుంది. సంక్రాంతికి మొదలుపెట్టిన ఆ పనిలో ఏది కుదిరిందో, ఏది తప్పిందో, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఉపయోగపడిందో కింద రాస్తున్నాను.

జనవరి

మందస వైపు జీడి, కొబ్బరి తోటల మధ్య తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న ఒక రైతుతో మాట్లాడి, జనవరి 15 నుంచి జూన్ 15 వరకు పదిహేను రోజులకొకసారి అవే పెట్టెల నుంచి చిన్న సీసాడు తేనె తీసుకునే ఏర్పాటు చేసుకున్నాను. మొత్తం పదకొండు నమూనాలు. పని సంగతి విని ఆయన “తేనెకి కూడా ఆడిటేటి బాబూ?” అని నవ్వాడు. నా దగ్గర ఉన్నది నలభై రెట్ల కటకం గల పాత కళాశాల మైక్రోస్కోపు. కొలతల గీతలున్న కంటి కటకాన్ని, మిల్లీమీటరును వంద భాగాలు చేసిన కొలత స్లయిడును కొత్తగా కొన్నాను. రెంటినీ సరిచూస్తే, నలభై రెట్ల కటకం కింద కంటి గీతల్లో ఒక్కో గడి 2.5 మైక్రాన్లకు సమానమని తేలింది. ఈ అంకెను మైక్రోస్కోపు మీదే కాగితం అంటించి రాసుకోవడం మంచిది. నేను మొదటి వారంలోనే రెండుసార్లు మరిచిపోయాను.

ఫిబ్రవరి

తయారీ పద్ధతి కష్టమైనది కాదు. పది గ్రాముల తేనెను ఇరవై మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో, అంటే 40 డిగ్రీలు మించని నీటిలో కరిగించి, సెంట్రిఫ్యూజులో (వేగంగా తిప్పి రేణువులను అడుగుకు దింపే యంత్రంలో) తిప్పి, పైనీరు ఒంపేసి, మళ్లీ నీరు పోసి ఇంకోసారి తిప్పాలి. అడుగున మిగిలినదాన్ని స్లయిడు మీద పరిచి ఆరబెట్టి, గ్లిజరిన్ జెల్లీతో కవరు గాజు వేయాలి. జెల్లీలో బేసిక్ ఫ్యూక్సిన్ రంగు కొద్దిగా కలిపితే రేణువులు గులాబీ రంగులో తేటగా కనిపిస్తాయి. పరిశోధనశాలల్లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఎర్డ్ట్‌మన్ రూపొందించిన అసిటోలిసిస్ పద్ధతి, అంటే రేణువు లోపలిదంతా ఆమ్లంతో కరిగించి పైపొరను మాత్రం మిగిల్చే పద్ధతి, వాడతారు. అందులో తొమ్మిది పాళ్ల అసిటిక్ అన్‌హైడ్రైడుకు ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. ఆ మిశ్రమం నీటితో కలిస్తే ప్రమాదకరంగా చెలరేగుతుంది. పైగా అసిటిక్ అన్‌హైడ్రైడు మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రణలో ఉన్న రసాయనం. ఇంటి వరండాలో పని చేసుకునేవారు దాని జోలికి పోకూడదు, పోవలసిన అవసరమూ లేదు. తేనె పరీక్షకు ఆమ్లం లేని పద్ధతిని అంతర్జాతీయంగా ఆమోదించారు.

మార్చి, ఏప్రిల్

మొదటి నమూనాను నోటు పుస్తకంలో నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత చొప్పున లెక్కపెట్టాను. రెండు వందల రేణువులు దాటేసరికి ఏ గీత ఏ వరసదో కలిసిపోయింది. ఆ తరువాత లిబ్రెఆఫీస్ కాల్క్ అనే ఉచిత స్ప్రెడ్‌షీట్‌లో ఒక పట్టీ చేసుకున్నాను. ఒక్కో రేణువుకు ఒక్కో వరస. అందులో క్రమసంఖ్య, స్లయిడు సంఖ్య, మైక్రోస్కోపు వేదిక మీద ఉన్న రెండు కొలబద్దల అంకెలు, రేణువు పేరు, అనుమానముంటే ఒక గుర్తు ఉంటాయి. ఐదు వందల రేణువులకు ఐదు వందల వరసలా అని కొందరికి అనిపించవచ్చు. లెక్కలు రాసేవాడిగా నా అభిప్రాయం మాత్రం గట్టిది: చిట్టా (రోజువారీ నమోదు) లేకుండా నేరుగా ఆవర్జా (ఖాతాల మొత్తాల పుస్తకం) రాసినవాడికి తప్పు జరిగినప్పుడు వెనక్కి వెళ్లే దారి ఉండదు. మొత్తాలు తరువాత పివట్ పట్టిక ఒక్క క్షణంలో తీసి ఇస్తుంది. ఈ పట్టుదల మే నెలలో నన్ను కాపాడింది.

పోల్చి చూసుకోవడానికి మా చుట్టుపక్కల పూల నుంచి స్వయంగా పంతొమ్మిది స్లయిడ్లు చేశాను. కొబ్బరి రేణువు పడవలా పొడవుగా, ఒకే గాడితో ఉంటుంది. నువ్వుల రేణువు చుట్టూ గాడులు నిలువుగా తీరి, ఒలిచిన నారింజ తొనల్లా కనిపిస్తుంది. జామాయిల్ రేణువు మూలలు మొద్దుబారిన త్రికోణం. నౌపడ ఉప్పు మడుల గట్ల మీద పెరిగే ఇలకూర రేణువు ఒంటినిండా రంధ్రాలతో గుండ్రంగా ఉంటుంది. గడ్డి జాతులన్నిటికీ ఒకే రంధ్రం, దాని చుట్టూ ఉంగరంలాంటి అంచు ఉండటం వల్ల వరినీ గరికనూ నా పరికరంతో విడదీయడం అసాధ్యం. వియన్నా నుంచి నడిచే పాల్‌డాట్ అనే పుప్పొడి చిత్రాల సంచయంలో గాడుల సంఖ్య, పైపొర నగిషీ వంటి లక్షణాలను ఎంచుకుని వెతకవచ్చు. అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు ఎంత అందంగా ఉన్నా, నలభై రెట్ల కటకం కింద మనకు కనిపించేది వేరు. అందుచేత అవి పదజాలం నేర్చుకోవడానికి ఉపయోగపడినంతగా గుర్తింపుకు ఉపయోగపడలేదు.

మే

ఈ నెలంతా ఒక పేరు తినేసింది. ఐదో నమూనా, అంటే మార్చి 15 నాటిది, లెక్కపెట్టినప్పుడు నా పట్టీలో ‘జీడి’ అని 103, ‘జీడిమామిడి’ అని 121 రేణువులు వచ్చాయి. రెండు పేర్లు ఎందుకు పెట్టానంటే, నా దగ్గర రెండు పోలిక స్లయిడ్లు ఉన్నాయి. జీడిమామిడి స్లయిడు మా కర్మాగారం ప్రహరీ పక్కన ఉన్న చెట్టు పూలతో నేను చేసినది. రెండోది సీతంపేట కొండల వైపు నుంచి ఒక పరిచయస్థుడు ‘జీడి’ అని కాగితం మీద రాసి పంపిన ఎండు మొగ్గలతో చేసినది. పలాసలో జీడి అంటే జీడిమామిడి తప్ప మరొకటి ఎవరికీ తోచదు కనుక రెండూ ఒకే చెట్టు అనుకుని, తేడా ఏదో తోటల రకాలదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు విషయం వేరు. కొండ ప్రాంతంలో జీడి అన్నది నల్లజీడి చెట్టుకు కూడా పేరు. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన గింజలు దానివే. నిఘంటువుల్లో సైతం ఆ మాటకు మొదటి అర్థం అదే. రెండూ, మామిడితో పాటు, ఒకే కుటుంబానికి చెందినవి. మూడింటి రేణువులకూ మూడేసి గాడులు, ఒక్కో గాడిలో ఒక రంధ్రం ఉంటాయి.

మరి నేను ‘జీడి’ కింద వేసిన 103 రేణువులు ఏమిటి? కొలబద్ద అంకెలు రాసి ఉన్నాయి కనుక ఒక్కొక్కదాని దగ్గరికీ తిరిగి వెళ్లాను. 94 రేణువులు జీడిమామిడివే. పక్కకు ఒరిగి ఉన్నవాటిని జీడిమామిడి అనీ, నిలబడి పైనుంచి గుండ్రంగా, కొంచెం చిన్నగా కనిపించేవాటిని జీడి అనీ రాసుకున్నాను. అంటే నేను విడదీసింది రెండు చెట్లను కాదు, ఒకే రేణువును రెండు వైపుల నుంచి చూసిన చూపును. తక్కిన తొమ్మిది మామిడివి. నల్లజీడి ఒక్కటీ లేదు.

ఆ తరువాత పేర్లకు ఒక నియమం పెట్టుకున్నాను. నియోటోమా అనే అంతర్జాతీయ ప్రాచీన జీవావరణ దత్తాంశ నిధిలో పేర్లు రాసే తీరు చూసి నేర్చుకున్నది అది. (నియోటోమా అన్నది దొరికినదల్లా గూట్లో కూడబెట్టే ఒక అమెరికా ఎలుక జాతి పేరు, దత్తాంశ నిధికి అంతకన్నా తగిన పేరు దొరకదు.) అక్కడ రేణువు ఎంతవరకు నిశ్చయంగా తెలుసో పేరు అంతవరకే వెళుతుంది. జాతి తెలిస్తే జాతి, పోలిక మాత్రమే ఉంటే ‘రకం’ అన్న తోక, కుటుంబం దాటి చెప్పలేకపోతే కుటుంబం పేరుకు ‘విడదీయనిది’ అన్న మాట. కాబట్టి ఇప్పుడు నా పట్టీలో లాటిన్ పేరు, తెలుగు పేరు, ఏ స్లయిడుతో పోల్చానో ఆ సంఖ్య, మూడూ ఉంటాయి. జామాయిల్, నేరేడు ఒకే కుటుంబానివి కావడంతో వాటిని నేను నమ్మకంగా విడదీయలేక, ఒకే గడిలో కుటుంబం పేరుతో ఉంచాను.

జూన్

ఫోన్ కెమెరాతో కంటి కటకం గుండా తీసిన చిత్రాలను ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలిచాను. చిత్రం తీసేటప్పుడు ఫోన్‌లో జూమ్ కొద్దిగా కదిలినా కొలత మారిపోతుంది. అందువల్ల ప్రతి విడత మొదట్లో కొలత స్లయిడు చిత్రం ఒకటి తీసి, దానితోనే స్కేలు నిర్ణయించాలి. గ్లిజరిన్ జెల్లీలో రేణువులు కాలక్రమేణా ఉబ్బుతాయి. పాత స్లయిడు కొలతను కొత్త స్లయిడు కొలతతో పోల్చకూడదు. గుర్తు తెలియని ఒక ముళ్ల రేణువును గ్లోబల్ పోలెన్ ప్రాజెక్టు అనే వెబ్‌సైటులో నలుగురి పరిశీలనకు పెట్టే ముందు, స్కేలు గీత వేసి, రెండు మూడు లోతుల్లో తీసిన చిత్రాలు సిద్ధం చేస్తుండగా అది మా పెరటి పొద్దుతిరుగుడు కుటుంబపు కలుపుమొక్కదని నాకే తెలిసిపోయింది.

జూలై

పదకొండు నమూనాలూ పూర్తయ్యాయి. ఇక పటం గీయాలి. 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్ పుప్పొడి శాతాలను బురదనేల పొరల లోతు వారీగా గీసి చూపినప్పటి నుంచి ఆ పటం రూపం పెద్దగా మారలేదు: నిలువుగా లోతు, అడ్డంగా ఒక్కో మొక్కకు ఒక్కో వంపు. నాకు లోతు బదులు తేదీలు. ఈ రంగంలో అందరూ ఎరిగిన సాఫ్ట్‌వేర్ ఎరిక్ గ్రిమ్ రాసిన టిలియా. అది విండోస్‌లో నడుస్తుంది. ప్రతి పేరు పక్కన అది పుప్పొడా సిద్ధబీజమా, ఏ జీవావరణ వర్గం అన్న గడులు కూడా ఉండటం లెక్కల మనిషికి ఎంతో నచ్చుతుంది. నేను మాత్రం ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో స్టీవ్ జగ్గిన్స్ రాసిన రియోహా పొట్లాన్ని (ప్యాకేజీని, అంటే సిద్ధంగా ఉన్న ఆదేశాల కట్టను) ఎంచుకున్నాను. చేసిన పనంతా ఆదేశాల రూపంలో మిగిలిపోవడం, ఒక అంకె సరిదిద్దితే పటం మొత్తం తానే మళ్లీ గీసుకోవడం నాకు కావలసినవి.

అందులో స్ట్రాట్ ప్లాట్ అనే ఆదేశం మొదట నన్ను బాగా తప్పుదారి పట్టించింది. రెండు శాతం కూడా లేని తుమ్మ రేణువుల వంపు జీడిమామిడి వంపంత వెడల్పుగా వచ్చింది. ఒక సందేహం పంపుదామని, మూడు వరసల చిన్న నమూనా దత్తాంశం, ఆదేశం, పొట్లం వెర్షను సంఖ్య ఒకచోట చేర్చుతుండగా తప్పు కనిపించింది. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ ఆదేశం ప్రతి వంపుకూ సమానమైన వెడల్పు ఇస్తుంది. శాతాలకు ఒకే కొలత వాడమని స్కేల్ పర్సెంట్ అన్న ఎంపికను ఆన్ చేయాలి. ఫైలు నుంచి దత్తాంశాన్ని చదివించేటప్పుడు పేర్లలోని ఖాళీలను ఆర్ చుక్కలుగా మార్చేస్తుంది. చెక్ నేమ్స్ అన్నది ఆఫ్ చేస్తే మార్చదు.

తేదీల వరుసను దశలుగా విడగొట్టడానికి గ్రిమ్ 1987లో ప్రచురించిన కోనిస్ పద్ధతి రియోహాలో ఉంది. అది పక్కపక్కనున్న నమూనాలనే కలుపుతుంది. జనవరినీ జూన్‌నూ ఎంత పోలిక ఉన్నా దాటుకుని కలపదు. ఎన్ని దశలు నమ్మదగినవో బ్రోకెన్ స్టిక్ అనే పోలికతో (కర్రను ఎలా పడితే అలా విరిచినట్టు విడగొడితే వచ్చే ముక్కలతో పోల్చి) చూస్తే నాకు రెండే నిలిచాయి. విరుపు మార్చి నెలాఖరు నమూనాకూ ఏప్రిల్ మధ్య నమూనాకూ నడుమ పడింది. అంతకు ముందు జీడిమామిడి, మామిడి. తరువాత కొబ్బరి, నువ్వులు. జీడిపూత అంతకన్నా ముందే ముగిసింది కానీ, పెట్టెలో పాత తేనె గడులు పూర్తిగా ఖాళీ కావు కనుక విరుపు కొంత ఆలస్యంగా కనిపిస్తుందని నా ఊహ.

ఆగస్టు

పటం మీద తెలుగు పేర్లు వేయబోతే ఒత్తులు విడిపోయి, అక్షరాల స్థానంలో పెట్టెలు వచ్చాయి. ర్యాగ్ అనే పొట్లం ద్వారా చిత్రాన్ని దాచి, నోటో సాన్స్ తెలుగు ఖతి ఇస్తే సమస్య తీరింది. ఎక్సెల్‌లో తెరిచే పట్టీని యూటీఎఫ్-8 రకంగా దాచకపోతే తెలుగు పేర్లు చెత్త గుర్తులుగా మారతాయన్నది కూడా గమనించాలి.

ఇక అసలు ప్రశ్న. తేనె పరీక్షలో ఒక మొక్క పుప్పొడి 45 శాతం దాటితే దాన్ని ప్రధానమైనదిగా, 16 నుంచి 45 వరకు ద్వితీయమైనదిగా లెక్కిస్తారు. ఐదో నమూనాలో 500 రేణువులకు జీడిమామిడి 215, అంటే 43 శాతం. అయితే గడ్డి, సరుగుడు వంటి గాలికి ఎగిరే, మకరందం ఇవ్వని వాటి 52 రేణువులను మొత్తంలో కలపకూడదు. వాటిని తీసేస్తే మిగిలిన 448లో 215, అంటే 48 శాతం. హారం మార్చగానే తేనె తరగతి మారిపోయింది. అంతటితో సంతోషించడానికీ లేదు. 448 రేణువుల లెక్కకు 95 శాతం నమ్మకంతో పొరపాటు పరిధి ఇటూ అటూ నాలుగున్నర శాతానికి పైగా ఉంటుంది. కనుక అసలు విలువ 43కూ 53కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ పరిధిని సగానికి తగ్గించాలంటే రేణువులను నాలుగు రెట్లు లెక్కపెట్టాలి.

రైతుకు పటం చూపించి, మార్చి సీసాను జీడితోట తేనె అనవచ్చునని, ఏప్రిల్ మధ్య తరువాతి సీసాను అనకూడదని చెప్పాను. ఏప్రిల్ తేనెకు కొబ్బరితోట తేనె అన్న పేరు పెట్టవచ్చునా అని ఆయన అడిగాడు. ఏప్రిల్ మధ్య నాటి ఏడో నమూనాలో కొబ్బరి 31 శాతమే ఉంది. కొబ్బరిపూల నుంచి ఈగలు పుప్పొడినే విడిగా కూడా ఎత్తుకొస్తాయి కనుక, మకరందంలో దాని వాటాను ఆ అంకె ఎక్కువచేసి చూపుతూ ఉండవచ్చు. ఆ నమూనా రెండో స్లయిడు ఆరుతోంది. ఈ ఆదివారం మరో వెయ్యి రేణువులు లెక్కపెట్టాలి.