బిడ్డ టీచరుకు రాసే నాలుగు వాక్యాలు

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎంతగా పెరిగాయో ఇక్కడ ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో శనివారాలు జరిగే ఇంగ్లీషు తరగతికి నేను వాలంటీరుగా వెళుతుంటాను. అక్కడికి వచ్చే మన ఆడవాళ్లు, మనవల కోసం వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లే తాతగార్లు ముందుగా అడిగేది వ్యాకరణం గురించి కాదు. "పిల్లవాడి టీచరుకు ఒక మెసేజ్ పెట్టాలి, తప్పుల్లేకుండా చూడండి" అని ఫోను చేతికిస్తారు. కొట్టులో సరుకులు కొనేటప్పుడు మాటలో తప్పు దొర్లినా ఎవరూ పట్టించుకోరు గాని, టీచరు విషయంలో మాత్రం తమ మాట తీరును బట్టి బిడ్డను చూసే తీరు మారుతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ భయం వల్ల కొందరు అసలు రాయరు, కొందరు అవసరానికి మూడింతలు రాస్తారు.

మూడింతలు రాసేవారిని గుర్తుపట్టడం తేలిక. మన బడుల్లో సెలవు చీటీ రాయించిన పద్ధతి వారి చేతిలో ఇంకా అలాగే ఉంటుంది. "రెస్పెక్టెడ్ మేడమ్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్" అని మొదలై, "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" మీదుగా సాగి, "యువర్స్ ఒబీడియంట్లీ" దగ్గర ఆగుతుంది. ఇంజనీరింగు చదివి వచ్చినవారు కూడా దీనికి అతీతులు కారు. ఇంకా చెప్పాలంటే వారికే ఈ అలవాటు ఎక్కువ. పాపకు జ్వరం వచ్చింది, ఈరోజు రాదు అన్న అసలు సంగతి నాలుగో వరుసలో ఎక్కడో ఉంటుంది. టెక్సస్ చట్టం నాలుగో తరగతి వరకు ఒక గదికి 22 మంది పిల్లలని పరిమితి పెట్టింది, కాని ఆ పరిమితికి మినహాయింపు తెచ్చుకునే బడులూ ఉన్నాయి. అంతమందిని చూసుకుంటూ, పొద్దున్నే బెల్లు కొట్టే ముందు ఫోను తీసి చూసే మనిషికి ఆ నాలుగో వరుస దాకా వెళ్లే తీరిక ఉండదు.

ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది. "సెండ్ హోంవర్క్", "గివ్ హర్ బుక్", "కాల్ మీ టుడే" అని రాస్తారు. వారి మనసులో ఉన్నది "పంపించండి", "ఇవ్వండి" అన్న మాటలే. తెలుగులో మర్యాదంతా ఆ "అండి"లోనే ఉంది. ఎంత చిన్న వాక్యమైనా అది తగిలించగానే గౌరవం వచ్చేస్తుంది. అదే వాక్యం ఇంగ్లీషులోకి వెళ్లేసరికి "అండి" దారిలోనే రాలిపోయి, వట్టి ఆజ్ఞ మిగులుతుంది. ముందు "ప్లీజ్" చేర్చినా అది ఆజ్ఞే, కాస్త మెత్తగా చెప్పిన ఆజ్ఞ. ఇంగ్లీషులో గౌరవం ఎక్కువగా ప్రశ్న రూపంలో ఉంటుంది గనుక "కుడ్ యూ ప్లీజ్ సెండ్ హర్ బుక్ హోం?" అని అడగడం మొట్టమొదట నేర్పుతాను. చివర ఆ ప్రశ్న గుర్తు మరిచిపోకూడదని పదేపదే చెబుతాను.

ఒకామె ఈ మధ్య నాతో వాదానికి దిగింది. "అక్కా, రెస్పెక్టెడ్ అని రాయకపోతే నాకు పొగరనుకోరా? గురువు కదా" అంది. అనుకోరని చెప్పాను. ఇక్కడి టీచరుకు "డియర్ మిజ్" అని, పక్కన ఇంటిపేరు రాస్తే కావలసినంత గౌరవం ఇచ్చినట్టే. పెళ్లయిందో లేదో తెలియనప్పుడు "మిసెస్" అనడం కంటే "మిజ్" మేలు; మగ టీచరయితే "మిస్టర్" చాలు. టెక్సస్ పిల్లలు పెద్దవాళ్లతో "యెస్ మ్యామ్" అని మాట్లాడుతుంటారు గనుక మన "మేడమ్" ఇక్కడ మరీ వింతగా వినిపించదు. అయినా రాతలో పేరు పెట్టి పిలవడమే పద్ధతి. ఆమె ఒప్పుకుంది గాని, పూర్తిగా నమ్మినట్టు కనిపించలేదు.

నేను అనుసరించే పద్ధతి ఒకటే. ఫోను పక్కన పెట్టించి, విషయాన్ని ముందు తెలుగులో చెప్పమంటాను. ఏమి జరిగింది, టీచరు ఏమి చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నవి తెలుగులో తేలితే ఇంగ్లీషు సగం తేలినట్టే. చాలామందికి మొదటిది చెప్పడం వచ్చు గాని రెండోది అడిగితే ఆగిపోతారు. "ఏమీ చేయనక్కరలేదు, తెలిస్తే చాలు" అని కొందరంటారు. అలా అయితే ఆ మాటే రాయవచ్చు, "జస్ట్ లెటింగ్ యూ నో" అన్న నాలుగు మాటలతో టీచరుకు జవాబు రాసే పని కూడా తప్పుతుంది. పాప పేరు అన్విత అనుకుందాం. చివరికి తయారయ్యే మెసేజ్ ఇలా ఉంటుంది: "డియర్ మిజ్ ఫలానా, దిస్ ఈజ్ అన్విత'స్ మదర్. అన్విత హాజ్ ఎ ఫీవర్ ఆఫ్ 101, సో షీ విల్ నాట్ కమ్ టు స్కూల్ టుడే. కుడ్ యూ ప్లీజ్ సెండ్ హర్ మ్యాత్ పేజెస్ విత్ హర్ బ్రదర్? థాంక్ యూ." అన్నీ కలిపి నాలుగు వాక్యాలే, అందులో ఒకటి ప్రశ్న. జ్వరం ఎంత ఉందో అంకె రాయమనడానికి కారణం ఉంది. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉంటే తప్ప బడికి పంపవద్దన్నది ఇక్కడ సాధారణంగా పాటించే నియమం. మళ్లీ ఎప్పుడు పంపవచ్చో లెక్క వేసుకోవడానికి టీచరుకూ నర్సుకూ ఆ వివరం పనికి వస్తుంది.

ఎవరి తల్లో మొదటి వాక్యంలోనే చెప్పడం మనవాళ్లకు మరీ అవసరం. బిడ్డకు నాన్న ఇంటిపేరు, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, వాట్సాప్‌లో ఇంకేదో ముద్దుపేరు ఉంటాయి. బడి జాబితాలో ఇంటిపేరు ముందుకొచ్చి అసలు పేరు వెనక్కి పోయిన సందర్భాలూ ఉన్నాయి. సంతకం చూసి టీచరు పోల్చుకుంటారనుకోవడం వృథా. తారీకుల సంగతీ ఇంతే. మనం రోజు ముందు, నెల తరవాత రాస్తాం. ఇక్కడివారు నెల ముందు రాస్తారు. 5/6 అని రాస్తే మనకు జూన్ అయిదు, వారికి మే ఆరు. నెల పేరు అక్షరాలలో రాస్తే ఈ గొడవ ఉండదు.

బడి మానిపించేటప్పుడు కారణాన్ని సరిగ్గా పేర్కొనడం వల్ల ఒక లాభం ఉందని చాలామందికి తెలియదు. సంక్రాంతికో వినాయక చవితికో పిల్లలను ఇంట్లో ఉంచి, మెసేజ్‌లో "ఫ్యామిలీ ఫంక్షన్" అని రాసేస్తుంటారు. టెక్సస్ విద్యా చట్టం ప్రకారం మతపరమైన పండుగ ఆచరించడానికి మానిన రోజును బడి అనుమతి ఉన్న గైర్హాజరుగా (ఎక్స్‌క్యూజ్డ్ ఆబ్సెన్స్) పరిగణించాలి, ఆ రోజు పోయిన పనిని పిల్లలు తరవాత పూర్తి చేసుకునే వీలు కూడా ఇవ్వాలి. అందుచేత "టు అబ్జర్వ్ ఎ రిలిజియస్ హోలీ డే" అన్న మాటలే వాడి, ముందుగానే పంపడం మంచిది. హాజరు పట్టీ చూసేది ఆఫీసు గనుక ఈ చీటీ ఆఫీసుకు కూడా వెళ్లాలి. టీచరుకు ఒక్కరికే చెప్పి ఊరుకుంటే లెక్కలో చేరకపోవచ్చు.

తిండి గురించి రాసేటప్పుడు "వెజిటేరియన్" అన్న ఒక్క మాట మీద ఆధారపడవద్దని కూడా చెబుతాను. ఇక్కడ ఆ మాట వింటే గుడ్డు తింటారనే అనుకుంటారు. తరగతిలో పుట్టినరోజులకు పంచే కేకులో గుడ్డు ఉంటుంది, మార్ష్‌మాలోలో జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసే జెలటిన్ ఉంటుంది. ఏవి తినకూడదో వాటి పేర్లే వరుసగా రాయాలి. అలవాటు వేరు, ఎలర్జీ వేరు అని కూడా విడదీసి చెప్పాలి. నువ్వులు పడని పిల్లవాడి విషయం నర్సుకు తెలియవలసిన సంగతి, అది పండుగ నాటి మెసేజ్‌లో ఓ మూల రాసేది కాదు.

ఇంతవరకూ తేలిక వ్యవహారమే. కోపంగా ఉన్నప్పుడు రాసే మెసేజ్ దగ్గరే అందరికీ తడబాటు. రెండో తరగతి చదివే బాబు రోజూ డబ్బా తెరవకుండా ఇంటికి తెస్తున్నాడని ఒక తల్లి గమనించింది. ఏమిటని అడిగితే, పులిహోర వాసన చూసి పక్క పిల్లవాడు ముక్కు మూసుకున్నాడని చెప్పాడు. ఆమె రాసుకొచ్చినది ఇలా ఉంది: "వై ఆర్ యూ నాట్ టేకింగ్ కేర్? మై సన్ ఈజ్ క్రైయింగ్ డైలీ. యూ షుడ్ పనిష్ దట్ బాయ్." ఆమె బాధలో న్యాయం ఉంది. అయితే ఈ మూడు వాక్యాలూ చదివిన టీచరు ముందు తనను తాను కాపాడుకునే పనిలో పడతారు, ఆ తరవాతే బాబు సంగతి. పైగా భోజనశాలలో ఆ సమయానికి ఆ టీచరు ఉండకపోవచ్చు కూడా.

మేము దాన్ని ఇలా మార్చాము. మొదటి వాక్యంలో ఆమె కళ్లారా చూసినది, అంటే ఈ వారమంతా బాబు అన్నం తినకుండా డబ్బా వెనక్కి తెస్తున్నాడన్నది. రెండో దానిలో బాబు చెప్పిన మాట, "హి టోల్డ్ మి దట్" అన్న ముందుమాటతో. ఎందుకంటే అది బాబు మాటే తప్ప ఆమె చూసినది కాదు. మూడోది ప్రశ్న: "హావ్ యూ నోటీస్డ్ ఎనీథింగ్ ఎట్ లంచ్?" నాలుగోది, ఈ వారంలో పది నిమిషాలు ఫోనులో మాట్లాడడానికి వీలవుతుందా అని. శిక్ష మాట తీసేశాము. పిల్లల బడి రికార్డులను గోప్యంగా ఉంచే 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల ఒక పిల్లవాడి మీద బడి ఏ చర్య తీసుకున్నదీ మరొకరి తల్లికి చెప్పే వీలు సాధారణంగా ఉండదు. అడిగి, జవాబు రాక, లక్ష్యపెట్టలేదని బాధపడడం కంటే తన బిడ్డకు ఏమి కావాలో అడగడం నయం. ఆమెకు ఇది మెత్తబడినట్టు అనిపించింది. "గట్టిగా అడగకపోతే వింటారా అండీ?" అని నన్ను నిలదీసింది. వాక్యంలో తారీకు, జరిగిన సంగతి, సూటి ప్రశ్న ఉంటే అంతకంటే గట్టిగా అడగడం అంటూ ఉండదని నా అభిప్రాయం.

అనువాదం చేసే యాప్‌లు ఉండగా ఈ తంటా ఎందుకని భర్తలు అంటుంటారట. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లోనే వచ్చింది. బడులు వాడే పేరెంట్‌స్క్వేర్, టాకింగ్‌పాయింట్స్ వంటి యాప్‌లు వాటంతట అవే అనువదిస్తాయి కూడా. వాటిని వాడవద్దని నేను అనను. చిక్కల్లా మన వాక్యంలోనే ఉంది. "రాత్రి నుంచి జ్వరంగా ఉంది, అందుకే పంపలేదు" అన్నప్పుడు ఎవరికి జ్వరం, ఎవరిని పంపలేదు అన్నవి మనం చెప్పం, వినేవారికి తెలిసిపోతాయి. యంత్రానికి తెలియవు గనుక అది ఊహిస్తుంది, జ్వరం తల్లికి అంటగట్టవచ్చు, పాపను బాబుగా మార్చవచ్చు. ప్రతి వాక్యంలోనూ బిడ్డ పేరు రాసి, ఒక్కో వాక్యంలో ఒక్క సంగతే పెట్టి యాప్‌కు ఇస్తే ఫలితం చాలావరకు బాగుంటుంది. ఈ మధ్య కృత్రిమ మేధ చేత రాయించుకొచ్చే మెసేజ్‌లు మాత్రం మన పాత సెలవు చీటీలకు కొత్త అవతారాలు. జ్వరం సంగతి చెప్పడానికి మూడు పేరాలు.

మెసేజ్ సరిపోని సందర్భం ఒకటుంది. పిల్లవాడికి మాటలు ఆలస్యమైనా, చదవడంలో తోటివారికంటే బాగా వెనకబడినా, ప్రత్యేక విద్య కోసం పరీక్షించమని అడగాలంటే యాప్‌లో టీచరుతో ముచ్చటించడం చాలదు. తారీకు వేసి, ప్రిన్సిపాల్‌కు గాని స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రత్యేక విద్య డైరెక్టరుకు గాని రాతపూర్వకంగా పంపాలి. అలా పంపినప్పుడే టెక్సస్ నిబంధనల ప్రకారం బడి తాను నడిచే 15 రోజులలోగా స్పందించవలసి ఉంటుంది. నకలు దగ్గర పెట్టుకోవాలి. ఆ తరవాత, బిడ్డకు ప్రత్యేక విద్య అవసరమా అని తేల్చడానికి జరిగే సమావేశాన్ని ఇక్కడ ఆర్డ్ మీటింగ్ అంటారు. అందులో తల్లిదండ్రులకు విషయం అర్థమయ్యేలా దుబాసీని ఏర్పాటు చేయడం బడి బాధ్యత, ఖర్చు కూడా బడిదే. అయిదో తరగతి అక్కను తీసుకెళ్లి తమ్ముడి గురించి ఆమె చేత అనువాదం చేయించడం నేను చూశాను. ఆ పిల్లకు ఆ మాటలు తెలియవు, తెలిసినవి చెప్పడానికి మనసొప్పదు. కనుక ఇంగ్లీషు ఎంత బాగా వచ్చిన తల్లి చేతనైనా ఒక వాక్యం కంఠతా పట్టిస్తున్నాను: "ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఫర్ దిస్ మీటింగ్." దానిని సమావేశం రోజు పొద్దున కాకుండా, పిలుపు అందిన రోజే రాసి పంపాలి, తెలుగు దుబాసీ అప్పటికప్పుడు దొరకడం కష్టం, ఫోను మీద దొరికే మనిషినైనా బడివారు ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి.