మా యూత్ గదిలో నేను అమ్మను కాను

"అమ్మా, ఇవాళ నువ్వు అమ్మగా వస్తున్నావా, లీడర్‌గా వస్తున్నావా?"

చర్చి ముందు కారు ఆపగానే మా అమ్మాయి అడిగిన మాట ఇది. అప్పటికి దానికి పదమూడేళ్లు. నేను యవ్వనస్థుల కూడిక బాధ్యత తీసుకుని రెండు నెలలు. ఏదో ఒకటి చెప్పి లోపలికి నడిచాను గానీ, జవాబు నాకే తెలియదు.

పరాయి దేశంలో తెలుగు సంఘం పెద్దవాళ్లకు పుట్టింటి లాంటిది. వారమంతా వేరే భాషలో నలిగి, ఆదివారం అక్కడికొచ్చి తెలుగులో ప్రార్థన చేసుకుంటే ప్రాణం లేచొస్తుంది. అదే గదిలో వెనక వరుసలో కూర్చున్న మన పిల్లలకు మాత్రం అది సగం అర్థమయ్యే రెండు గంటల ప్రసంగం. సండే స్కూల్ వయసు దాటిపోతుంది, పెద్దల ఆరాధన ఇంకా తలకెక్కదు. ఆ మధ్యలో మా సంఘంలో పద్నాలుగు మంది ఉండేవాళ్లు. పాస్టర్ గారు నన్ను అడిగింది నాలో ఏదో వరం చూసి కాదు, ఇంకెవరూ చెయ్యెత్తలేదు కాబట్టి.

నేను ఒప్పుకోవడం వెనకా పెద్ద దర్శనమేమీ లేదు. పిల్లలకు తెలుగు పోతోందన్న బెంగ, అంతే. అందుకే మొదటి ఏడాదంతా తెలుగు బైబిల్ పైకి చదివించాను, కంఠత వాక్యాలు, క్విజ్‌లు పెట్టాను. "చేయుచుండెను", "పోవుచుండగా" అని మా ఇంట్లో ఎవరైనా మాట్లాడతారా? అయినా పిల్లలు పాపం కూడబలుక్కుంటూ చదివేవారు. చదివింది ఏమిటని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయేవారు. పెద్దలు మాత్రం మెచ్చుకునేవారు. వచ్చీరాని తెలుగులో పిల్ల స్టేజీ మీద కీర్తన అప్పజెబితే ఎవరికి ముద్దు రాదు!

ఒక సంఘపెద్ద నాకు దన్నుగా నెహెమ్యా 13వ అధ్యాయం చూపించేవారు. యూదులు పొరుగున ఉన్న అష్డోదు పట్టణపు స్త్రీలను పెళ్లి చేసుకుంటే, పిల్లల్లో సగం మందికి అష్డోదు భాషే వచ్చింది, యూదుల భాష రాలేదు. నెహెమ్యాకు ఒళ్లు మండింది, కొందరిని కొట్టి జుట్టు పెరికేశాడు. చాలా రోజులకు గానీ నాకు తట్టలేదు, ఆయన జుట్టు పీకింది పిల్లలది కాదు, తండ్రులది.

అదంతా ఒక శుక్రవారం సాయంత్రం మారింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదువుతున్నాం, ఆ రోజు వాళ్లకు సులువైన భాషలోనే. లుస్త్రలో తిమోతి అనే శిష్యుడు, తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. (మూడో వచనంలో సున్నతి మాట రాగానే మగపిల్లలు నవ్వాపుకోలేకపోయారు. దాన్ని తొందరగా దాటేశాం.) ఒకడు తలెత్తి అన్నాడు: "ఆంటీ, అయితే ఇతనూ మాలాగేనన్నమాట. ఎక్కడికెళ్లినా సగం."

ఆ "సగం" అన్న మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. అంతకుముందు వంద సార్లు చదివిన వచనమే. తిమోతి ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నారో బైబిల్ చెప్పదు. విశ్వాసం ముందు అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని మాత్రం అపొస్తలుడు పౌలు అతనికి రాసిన రెండో ఉత్తరంలో గుర్తు చేస్తాడు. ఆ తర్వాత పౌలు చేసిందేమిటి? వెంట తీసుకెళ్లాడు. ప్రయాణాల్లో, గొడవల్లో, పనిలో పక్కనే ఉంచుకున్నాడు. కొత్త నిబంధనలో శిష్యుడు అన్నచోట ఉన్న గ్రీకు మాటకు అసలు అర్థం నేర్చుకునేవాడు. నేనేమో అప్పజెప్పేవాళ్లను తయారు చేస్తున్నాను. తెలుగునూ దేవుణ్నీ ఒకే మూటలో కట్టి ఇస్తున్నాను. పెద్దయ్యాక ఒకటి విసిరేస్తే రెండోదీ దానితోపాటే పోతుంది కదా అన్న ఆలోచన అప్పటిదాకా రాలేదు.

మూట విప్పాం. తెలుగు నేర్పడం మానలేదు, అది వేరే పూటకి మార్చాం. శుక్రవారం పిల్లలకు ఏ భాష నోటికొస్తే ఆ భాష. నలుగురైదుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున చిన్న గుంపులు చేసి, మార్కు సువార్త పట్టుకున్నాం. పదహారే అధ్యాయాలు, నాలుగు సువార్తల్లోకీ చిన్నది. వారానికి పది పన్నెండు వచనాలు. అడిగేవి మూడే ప్రశ్నలు: ఇక్కడ ఏం జరిగింది? నీకు ఏది మింగుడుపడలేదు? ఈ వారం దీంతో ఏం చేస్తావు? రెండో ప్రశ్నకే ఎప్పుడూ సమయమంతా పోతుంది. మొదట్లో నాకది టెన్షన్. పెద్దవాళ్లను "ఎందుకు?" అని అడగడం ఎదురు చెప్పడమే అని పెరిగిన దాన్ని. ఇక్కడి బళ్లో మా పిల్లలకు అడగనివాడికే మార్కులు పోతాయి.

1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ తన సంఘంలోని కుర్రకారుతో క్రిస్టియన్ ఎండీవర్ అనే యువజన సంఘం మొదలుపెట్టినప్పుడు, ప్రతి ప్రార్థన కూడికలోనూ ఏదో ఒక విధంగా పాల్గొంటామని వాళ్ల చేత మాట తీసుకున్నాడట. చూడ్డానికి కూర్చునే వాళ్లు అక్కడ ఉండకూడదన్నమాట. ఆ ఆలోచన నాకు బాగా నచ్చి మా వాళ్లకూ పనులు పంచాను. పాటలు, సౌండ్ సిస్టం, కొత్తగా వచ్చినవాళ్లను పలకరించడం. చిత్రంగా, ఫోన్ల గొడవ సగం దానితోనే తగ్గింది. మిగతా సగం తగ్గలేదు, నేను వదిలేశాను.

నియమాలు కొన్ని ఉన్నాయి. పిల్లలతో పనిచేసే ప్రతి పెద్దకూ నేర చరిత్ర తనిఖీ జరగాలి. ఏ పెద్దా ఏ పిల్లవాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. మెసేజ్‌లు గ్రూపులోనే. "మనవాళ్లే కదా, ఇంత అనుమానం దేనికి?" అని కొందరు నొచ్చుకున్నారు. మనవాళ్లే కాబట్టి ఇంకా గట్టిగా ఉండాలన్నాను. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

పిల్లలు చెప్పే రహస్యాలు దీనికంటే కష్టం. మొదటి రోజే చెబుతాం: నీకెవరైనా హాని చేస్తున్నా, నీకు నువ్వే హాని చేసుకోవాలనిపిస్తున్నా నా కడుపులో దాచుకోను, సాయం చేయగలవాళ్లకు చెప్పి తీరతాను. మిగతావి నీవి. చెప్పడం సులువే. ఒక అబ్బాయి, పదహారేళ్లవాడు, ఒకరోజు గుంపు అయిపోయాక కుర్చీలు సర్దుతూ మెల్లగా అన్నాడు: "ఆంటీ, నాకు నమ్మకం లేదు. అమ్మ కోసం వస్తున్నాను." వాళ్లమ్మ ప్రార్థనాపరురాలు, నాకు అక్క లాంటిది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పకపోతే ఆమెకు ద్రోహం చేసినట్టు, చెబితే వాడికి.

చెప్పలేదు. నువ్వే చెప్పు, కావాలంటే నేను పక్కన కూర్చుంటాను అన్నాను. వాడు ఏడు నెలలు చెప్పలేదు. ఈలోగా మార్కు 9వ అధ్యాయం వచ్చింది. జబ్బుపడ్డ కొడుకును తెచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సాయం చెయ్యమని యేసును వేడుకునే చోటు. "నాకు మొదటి సగం లేదాంటీ, రెండో సగమే ఉంది" అన్నాడు వాడు. గుంపులో ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ముగింపు ప్రార్థన ఏం చెయ్యాలో నాకు తోచక ఊరికే కూర్చున్నాను. మంచిదే అయింది. నాకు జవాబు తోచి ఉంటే కచ్చితంగా చెప్పేసేదాన్ని.

చివరికి వాడే ఇంట్లో చెప్పాడు. "నీకు ముందే తెలుసా?" అని వాళ్లమ్మ నన్ను అడిగింది. తెలుసన్నాను. రెండు నెలలు మాట్లాడలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా ఎక్కువ రోజులే మాట్లాడకపోయేదాన్నేమో.

ఇక మా అమ్మాయి అడిగిన ప్రశ్న. ఇప్పుడు అమ్మాయి నా గుంపులో లేదు. తనే అడిగి ఇంకో అక్క గుంపుకు మారింది. మొదట గుండెల్లో గుచ్చుకుంది. ఊరంత మంది పిల్లల మాటలు వినే నాకు, నా కూతురి మాటలు వినే వీలు లేదా? తర్వాత అర్థమైంది, నేను వేరే తల్లులకు పెట్టిన నియమమే నాకూ వర్తిస్తోందని. ఆ అక్కను ఏమీ అడగను. ఒక్కసారి అడగబోయాను. ఆమె నవ్వి టాపిక్ మార్చేసింది.

పోయిన శుక్రవారం కారిడార్‌లో ఆ అబ్బాయి వాళ్లమ్మ ఎదురైంది. వాడు ఇంకా వస్తూనే ఉన్నాడు, సౌండ్ వాడే చూస్తాడు. "ఏమైనా చెబుతున్నాడా?" అంది. "మీరే అడగండక్కా" అన్నాను. "అడిగితే ఏమంటాడోనని భయమే" అంది.

పక్క గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల మా అమ్మాయి ఏదో చెబుతోంది, మిగతావాళ్లు వింటున్నారు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. ఇద్దరం అక్కడే నిలబడ్డాం. కాసేపటికి ఆమే నా మోచెయ్యి పట్టుకుని, "పద, ఇక్కడుండకూడదు" అంటూ అవతలికి నడిపించింది.