స్తంభం మీది నెయ్యి లెక్క

ఏలూరులో పుట్టి పెరిగిన నేను కావలి బొర్రయ్య పేరు నలభై దాటాక గానీ వినలేదు. ఆయనా ఏలూరువాడే. సర్వేయర్ కాలిన్ మెకంజీ దగ్గర దుబాసీగా చేరి, ఊరూరా శాసనాలు వెతికి, చదివి, అర్థం చెప్పిన కుర్రాడు. 1803లో, ముప్పై నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మెకంజీ 1815లో దేశానికే తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన పేరుతో చెప్పుకునే కైఫీయత్తుల కోసం, అంటే ఊళ్ల చరిత్ర రాతల కోసం, కాళ్లరిగేలా తిరిగింది మాత్రం ఈ అన్నదమ్ములూ వాళ్లలాంటి మనవాళ్లూ.

రాయిని చదవడమంటే ఏమిటో ఒక్కసారైనా చూడాలనిపించి, ధనుర్మాసంలో మా బావని వెంటబెట్టుకుని బయల్దేరాను. రైల్లో రాజమండ్రి, అక్కణ్ణుంచి బస్సులో రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం.

భీమేశ్వరుడి దర్శనం త్వరగానే అయింది. ఆ తర్వాత మూడు గంటలు స్తంభాల దగ్గరే ఉన్నాం. ఈ గుళ్లో శాసనాలు వందల్లో ఉన్నాయి. తూర్పు చాళుక్యుల కాలంవి, చోళుల కాలంవి, తర్వాతివీ. రాజులే కాదు, వర్తకులు, ఉద్యోగులు, ఎందరో ఆడవాళ్లు కూడా దానాలు రాయించారు. ముందు నాకు గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. సెల్‌ఫోన్ లైటు ఎదురుగా వేస్తే రాయి తెల్లగా వెలిగిపోతోంది. బావ విసుగొచ్చి పక్కకి జరిగాడు. లైటు వాలుగా పడింది. అంతే, ప్రతి గీతలోనూ నీడ నిండి అక్షరాలు పైకి లేచాయి! మొదట పట్టుకున్న మాట "శకవర్షంబులు". ఒళ్లు జలదరించింది.

పూర్వం అచ్చు తీసేవాళ్లు రాతిని శుభ్రంగా తోమి, తడి కాగితం అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దేవాళ్లు. గుంటలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వచ్చేది. ఇక్కడి శాసనాల్లో చాలా వాటిని 1923లో దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చువేశారు. ఈ డెల్టాలోనే, మినిమించిలిపాడులో, 1891లో పుట్టిన మల్లంపల్లి సోమశేఖర శర్మగారు ఇలాంటి రాళ్లని నమ్ముకునే 1948లో రెడ్డి రాజ్యాల చరిత్ర రాశారు.

నేను వేలు పెట్టి కూడబలుక్కున్న శాసనం అఖండ దీపానికి ఇచ్చిన దానం. దీపం ఒక్కటే, దానికి యాభై గొర్రెలు. వాటిని ఒక బోయకి, అంటే మందల కాపరికి, అప్పగించారు. గొర్రెలు అతని దగ్గరే ఉంటాయి, బదులుగా అతనూ అతని తర్వాతివాళ్లూ రోజూ మానెడు నెయ్యి పోయాలి, సూర్యచంద్రులున్నంత కాలం. "మానెండు" అని నిండు సున్నాతో చెక్కి ఉంది. అరసున్నా రాయని కాలం కదా! ఇప్పటి బ్యాంకు డిపాజిట్ లాంటి ఏర్పాటు. అసలు అలాగే ఉంటుంది, వడ్డీ నెయ్యి. నాకు దానం చేసినవాడికంటే ఈ బోయే దగ్గరివాడు అనిపించాడు. పేరు చూడబోతే, భక్తుల చేతులు తగిలీ తగిలీ మొదటి రెండక్షరాలు అరిగిపోయాయి. మిగిలినవి ఉన్నవి ఉన్నట్టు నోట్‌బుక్‌లో గీసుకున్నాను.

మర్నాడు యానాం దగ్గర గౌతమి దాటి, అమలాపురం మీదుగా బోడసకుర్రు వంతెన ఎక్కి ఆదుర్రు చేరాం. కొబ్బరితోటల మధ్య బౌద్ధ స్తూపం, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాజుల పేర్లు వెతుక్కునే చోటు కాదది. పాత ఇటుక పక్కన చెయ్యి పెట్టి కొలిచాను, రెండు జానలకి దగ్గరగా వచ్చింది.

గట్టు మీద కూర్చున్న ముసలాయన పలకరించాడు.

"దిబ్బ చూడ్డానికొచ్చారాండీ? చిన్నప్పుడు మేం దీని మీద మేకలు మేపేవాళ్లం. బుద్ధుడిదని మాకెవరు చెప్పారండీ!"

నేను ద్రాక్షారామం గొర్రెల సంగతి చెప్పాను. నెయ్యి లెక్క దగ్గర నవ్వాడు. కాసేపాగి అడిగాడు.

"ఆ కాపరి పేరు కూడా రాశారాండీ రాతి మీద?"

"రాశారు తాతగారూ. మొదటి రెండక్షరాలు పోయాయి" అని నోట్‌బుక్ తీసి ఆ పేజీ చేతికిచ్చాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుని, నేను గీసిన గీతల మీద మెల్లగా వేలు జరుపుతూ చాలాసేపు చూశాడాయన.